ఎనిమిది ఛాంబర్లు, ఒకే పైపు: గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో స్వయం సమన్వయ సాఫ్ట్‌వేర్

గుంటూరు శివార్లలోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ గురించి ఈ కేస్ స్టడీ. అక్కడ ఎనిమిది ఛాంబర్లు ఉన్నాయి, అన్నింటికీ కలిపి అమోనియా ప్లాంటు ఒక్కటే. నడవా పొడవునా ఒక సక్షన్ పైపు వెళ్తుంది. ప్రతి ఛాంబర్ నుంచి వేడిని మోసుకొచ్చిన గ్యాసు ఆ పైపులో కలిసి కంప్రెసర్ గదికి చేరుతుంది. ప్రోగ్రామ్ రాయడానికి మేము వెళ్లేసరికి వ్యవహారమంతా కంట్రోల్ గదిలోని ఒక కంప్యూటర్ చేతిలో ఉంది. ఏ ఛాంబర్ వాల్వు తెరవాలో, ఏ ఫ్యాన్లు తిరగాలో, ఎవరికి డీఫ్రాస్ట్ (కాయిల్ మీది మంచు కరిగించడం) ఎప్పుడో అదే చెప్పేది. అది ఆగితే ఎనిమిది ఛాంబర్లూ చివరి ఆదేశం మీదే ఉండిపోయేవి.

యజమాని మూడు విషయాలు అడిగారు. ఆ కంప్యూటర్ ఉన్నా లేకపోయినా ఏ ఛాంబర్ పని అది చూసుకోవాలి. కరెంటు బిల్లులో మాక్సిమం డిమాండ్, అంటే నెలలో ఎక్కువలో ఎక్కువ లాగిన లోడు, ఒప్పందం దాటకూడదు. తొమ్మిదో ఛాంబర్ కడితే ప్రోగ్రామ్ మళ్లీ మొదటి నుంచి రాయించుకునే అవస్థ ఉండకూడదు. విడివిడిగా చూస్తే మూడూ మామూలు కోరికలే. కలిపి చూస్తే పెద్ద అంటూ ఎవరూ లేని చోట అందరూ సర్దుకుపోయే వ్యవస్థ కావాలని అర్థం.

యంత్రాలు, వాటిని నడిపే ప్రోగ్రాములు ఒకదానిలో ఒకటి ఇమిడి పనిచేసే ఇలాంటి వాటిని సైబర్-ఫిజికల్ వ్యవస్థలు అంటారు. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో హెలెన్ గిల్ 2006లో ఈ పేరు వాడుకలోకి తెచ్చారు. ఈ రంగంలోకి సాఫ్ట్‌వేర్ వైపు నుంచి వచ్చిన మాలాంటివాళ్లకు ఒక అలవాటుంది. నోడ్లు, అంటే ఒక్కో యంత్రం దగ్గర ఉండే చిన్న కంప్యూటర్లు (ఇక్కడ ఒక్కో ఛాంబర్‌కు ఒకటి), ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలన్నదే మొదట ఆలోచిస్తాం. ప్రొటోకాల్ ఏది, నాయకుణ్ని ఎన్నుకునే పద్ధతి ఏది అని మొదలుపెడతాం. ఈ పనిలో ఆ ప్రశ్నను వెనక్కి నెట్టాం. నోడ్లు మాట్లాడుకోకముందే వాటి మధ్య ఉమ్మడిగా ఏముంది అన్న ప్రశ్నతో మొదలుపెట్టాం. డిజైన్‌లో సగం అక్కడే తేలిపోయింది.

సరుకు, దాని తీరు

గుంటూరు వ్యాపారులు కోల్డ్ స్టోరేజీని ఏసీ అనేస్తారు. మిర్చి యార్డు ధరల్లో ఏసీ సరుకు, నాన్ ఏసీ సరుకు అని విడిగా పలుకుతాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్త పంట టిక్కీలు (మిర్చి బస్తాలు) లారీల్లో వస్తూనే ఉంటాయి. ఎండాకాలం యార్డుకు సెలవులిస్తారు. తర్వాత యార్డుకు వచ్చేది చాలావరకు ఏసీ సరుకే. అంటే ప్లాంటు మీద అసలు భారం ఎండలు ముదిరే రోజుల్లో, తలుపులు మాటిమాటికీ తెరుచుకునే సమయంలోనే పడుతుంది.

ఎండుమిర్చికి 4 నుంచి 8 డిగ్రీల మధ్య చలి చాలు. సరుకులో తేమ 10, 11 శాతం దగ్గర ఉండాలి. అంతకు మించితే బూజు, తగ్గితే కాయ పొడిబారి విరుగుతుంది. రంగు నిలబడితేనే ధర నిలబడుతుంది. బంగాళాదుంపలు లోపల నుంచి వేడి పుట్టిస్తాయి, ఎండుమిర్చి అలా పెద్దగా పుట్టించదు. వేడి ప్రధానంగా వచ్చేది మూడు దారుల్లో: ఎండలో వేడెక్కి లోపలికొచ్చిన టిక్కీలు, తెరిచిన తలుపు, గోడలు.

సాఫ్ట్‌వేర్ రాసేవాడికి ఇక్కడ ముఖ్యమైనది వేగాల తేడా. పైపులో ఒత్తిడి సెకన్లలో మారుతుంది. ఛాంబర్‌లో గాలి నిమిషాల్లో మారుతుంది. అటక నిండా పేర్చిన టిక్కీల నడిమి కాయ చల్లబడడానికి రోజులు పడుతుంది. ఒక నోడ్ అరగంట పాటు పక్కవాళ్ల మాట వినకపోయినా మిర్చికి ఆ సంగతి తెలియదు. ఈ ఒక్క వాస్తవం గట్టిగా పట్టుకుంటే డిజైన్‌లోంచి చాలా బరువు దిగిపోతుంది.

సాఫ్ట్‌వేర్ చేతికి ఇవ్వనివి

అమోనియా వాసన 5 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 5 పాళ్లు) దగ్గరే చాలామంది ముక్కుకు తెలుస్తుంది. పనిచోట్ల భద్రత, ఆరోగ్యం మీద పరిశోధించే అమెరికాలోని నియోష్ సంస్థ 300 పీపీఎంను తక్షణ ప్రాణాపాయ స్థాయిగా లెక్కగట్టింది. ఇలాంటి గ్యాసు తిరిగే చోట లీకు పట్టే సెన్సర్, అధిక ఒత్తిడి వస్తే మోటారు ఆపే కటౌట్, సేఫ్టీ వాల్వు నేరుగా తీగలతో, స్ప్రింగులతో పనిచేయాలి. వాటి దారిలో మా ప్రోగ్రామ్ ఎక్కడా అడ్డురాదు. అవి తమ పని చేశాయని మాత్రం నోడ్లు గమనిస్తాయి.

కరెంటు పోయి జనరేటర్ అందుకునే క్షణాన్నీ ఇదే వరుసలో ఉంచాం. అన్ని ఛాంబర్ల ఫ్యాన్లూ ఒక్కసారిగా లేస్తే జనరేటర్ ట్రిప్ అవుతుంది. నోడ్లు యాదృచ్ఛికంగా ఆగి లేచేలా రాయవచ్చు, చాలాసార్లు బాగానే నడుస్తుంది. చాలాసార్లు అన్న మాట ఇక్కడ సరిపోదు. అందుకే ప్రతి ఛాంబర్ ప్యానెల్‌లో టైమర్ రిలే పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి లేచేలా విడివిడి గడువులు బిగించాం. కొత్త ఛాంబర్ వచ్చినప్పుడు ఎలక్ట్రీషియన్ ఆ ఒక్క రిలే తిప్పుకోవాలి. స్వయం సమన్వయం అనే మాట మీద మోజుతో దాన్ని కూడా సాఫ్ట్‌వేర్‌లోకి లాగేవాళ్లను చూశాను. నాకు అది నచ్చదు.

పైపు చెప్పే మాట

ఆ ప్లాంటును ఏళ్లుగా నడుపుతున్న పెద్దాయన పనితీరు గమనించడం వల్ల మాకు మేలు జరిగింది. ఆయన కంప్యూటర్ తెర కన్నా సక్షన్ గేజీనే ఎక్కువ చూసేవారు. ముల్లు పైకి జరిగితే కంప్రెసర్లకు పని మించుతోందని అర్థం. అప్పుడు బాగా చల్లబడిన ఛాంబర్ వాల్వు కాస్త బిగించేవారు. పైపు మీద మంచు పొర ఎక్కడిదాకా పాకిందో చేత్తో తడిమి చూసేవారు. ఎనిమిది గదుల మధ్య వాటా పంచడానికి ఆయనకు ఎనిమిది ఉష్ణోగ్రతలు అక్కరలేకపోయింది. గేజీ ముల్లు, తన ముందున్న గది పరిస్థితి, ఈ రెండే చాలేవి.

దీని వెనకున్న శాస్త్రం సూటిగానే ఉంటుంది. మరుగుతున్న అమోనియాకు ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా ఒక ఒత్తిడి ఉంటుంది. మైనస్ 5 డిగ్రీల వద్ద సుమారు 3.55 బార్, సున్నా వద్ద 4.29 బార్, అంటే డిగ్రీకి దాదాపు 0.15 బార్. ఛాంబర్లు ఎక్కువ గ్యాసు పంపితే పైపులో ఒత్తిడి పెరుగుతుంది. పెరిగేకొద్దీ కంప్రెసర్లు ఒక్కో సిలిండర్ జతను పనిలోకి దించుతాయి. అన్నీ దిగాక కూడా ఒత్తిడి పెరుగుతూ ఉంటే ప్లాంటు శక్తి అయిపోయిందని లెక్క. మొత్తం డిమాండ్ ఎంతో పైపే చెబుతోంది. ప్రతి ఛాంబర్ దగ్గరా ఒక ప్రెజర్ సెన్సర్ బిగిస్తే ఆ మాట అందరికీ ఒకేసారి వినిపిస్తుంది. ఈ సందేశానికి ప్యాకెట్లు పోవు, పాస్‌వర్డు అక్కరలేదు.

ఇది మేం కనిపెట్టినది కాదు. చెదలు తాము వేసిన మట్టినే చూసి తర్వాతి మట్టి ఎక్కడ వేయాలో తెలుసుకుంటాయని ఫ్రెంచి జీవశాస్త్రవేత్త పియర్-పాల్ గ్రాసే 1959లో వివరించి, ఆ పద్ధతికి స్టిగ్మెర్జీ అని పేరు పెట్టారు. ఇంజినీరింగ్‌లో ఇంకా పెద్ద ఉదాహరణ మనకు దగ్గరలోనే ఉంది. ఇబ్రహీంపట్నంలోని డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ కేంద్రం యూనిట్లు దేశంలోని మిగతా కేంద్రాలతో కలిసి 50 హెర్ట్జ్ చుట్టూ తిరుగుతుంటాయి. ఎక్కడో లోడు పెరిగి ఫ్రీక్వెన్సీ కొద్దిగా పడితే, టర్బైన్ల వేగం చూసుకునే గవర్నర్లు అనే పరికరాలు ఎవరి ఆదేశం కోసమూ చూడకుండా ఎవరి వాటా మేరకు వాళ్లు ఆవిరి పెంచుతాయి. 2013 డిసెంబర్ 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో జతపడ్డాక ఆ ఒక్క సంకేతమే దేశమంతటికీ ఉమ్మడి అయింది.

మా నియమం ఇలా రాసుకున్నాం. ప్రతి ఛాంబర్‌కూ తన అవసరాన్ని బట్టి ఒక ఓర్పు హద్దు ఉంటుంది. కావలసిన ఉష్ణోగ్రత కన్నా ఎంత వెచ్చగా ఉంటే ఆ హద్దు అంత పైన. సక్షన్ ఒత్తిడి తన హద్దు కన్నా తక్కువ ఉన్నంతసేపు వాల్వు తెరిచి ఉంచుతుంది, దాటితే మూసుకుంటుంది. భారం పెరిగినప్పుడు ముందు తప్పుకునేవి చల్లగా ఉన్న ఛాంబర్లు. కొత్త సరుకు దిగిన ఛాంబర్ చివరిదాకా నిలబడుతుంది. ఎవరు తప్పుకోవాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

మాక్సిమం డిమాండ్ సంగతి కూడా ఇందులోనే తేలిపోయింది. ఒప్పంద లోడు లెక్కలో మీటరు చూసేది క్షణకాలపు ఎగుడు కాదు, కొన్ని నిమిషాల సగటు. ఆ సగటు హద్దుకు దగ్గరపడుతోందని ప్లాంటు గదిలోని కంట్రోలర్ పసిగట్టి కంప్రెసర్ల లోడింగును ఒక మెట్టు దగ్గర ఆపేస్తుంది. పైపులో ఒత్తిడి పెరుగుతుంది. ఛాంబర్లు వాటంతట అవే తగ్గుతాయి. డిమాండ్ పరిమితి అనేది ఒకటుందని ఛాంబర్ నోడ్లకు తెలియనే తెలియదు. ప్లాంటు గది కంట్రోలర్ మాత్రం ఒక్కటే కదా, అది పోతే అని అడగవచ్చు. ప్లాంటే ఒక్కటైనప్పుడు దాని పక్కన కంట్రోలర్ ఒక్కటే ఉండడంలో కొత్తగా వచ్చే ప్రమాదం లేదు.

అయితే ఒకే సంకేతాన్ని అందరూ ఒకేలా వింటే గుంపు మనస్తత్వం పుడుతుంది. ఒత్తిడి పెరగగానే అందరూ మూసుకుంటారు, పడిపోగానే అందరూ తెరుస్తారు, ముల్లు ఊగుతూనే ఉంటుంది. ప్లాంటును కంప్యూటర్‌లో అనుకరించే సిమ్యులేటర్‌లో మొదట చూడాలనుకున్నది ఈ ఊగిసలాటనే. ఎనిమిది ఛాంబర్లకూ ఒకే ఉష్ణోగ్రత, ఒకే హద్దు ఇచ్చి వదిలితే వెంటనే కనిపించింది. మందు మూడు పాళ్లలో ఉంది. తెరిచే హద్దుకు, మూసే హద్దుకు మధ్య ఎడం. ఒకసారి తెరిస్తే కనీసం కొన్ని నిమిషాలు తెరిచే ఉంచాలన్న నిబంధన. నిర్ణయం తీసుకునే ముందు ప్రతి నోడ్ వేరువేరుగా పాచికలు వేసినట్టు ఎంచుకునే జాప్యం. మూడోది అన్నింటికన్నా చవక, అన్నింటికన్నా బలమైనది. మొదటి నోడ్ మూసుకోగానే ఒత్తిడి కాస్త దిగుతుంది. జాప్యం ముగించుకుని చూసే రెండో నోడ్‌కు ఇక మూసుకునే అవసరం కనిపించదు.

చివరి ఛాంబర్ గోడు

కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ చివరి భూముల రైతులను అడిగితే ఈ సమస్య నాకన్నా బాగా చెబుతారు. తల దగ్గర ఉన్నవాడికి నీరు ముందు అందుతుంది. మా పైపులో అదే జరిగింది, కాకపోతే తలకిందులుగా. గ్యాసు పారేటప్పుడు పైపు పొడవునా ఒత్తిడి కొంత నష్టపోతుంది కాబట్టి కంప్రెసర్‌కు దూరంగా ఉన్న ఛాంబర్ దగ్గర ఒత్తిడి ఎప్పుడూ కొంచెం ఎక్కువే చూపిస్తుంది. అక్కడి నోడ్ దాన్ని చూసి ప్లాంటు మీద భారం ఎక్కువుందనుకుని పక్కకు తప్పుకుంటుంది. ఎనిమిదో ఛాంబర్ మర్యాదస్తుడిలా ప్రతిసారీ దారి వదులుతూ వెచ్చగా మిగిలిపోతుంది. ఎంత తేడా కలపాలో ఒకసారి కొలిచి రాసేద్దామంటే కుదరదు. ఆ నష్టం పారే గ్యాసును బట్టి మారుతూ ఉంటుంది.

రేడియో సందేశాల అవసరం మొదటిసారి ఇక్కడ కనిపించింది. ప్రతి నోడ్ తన వెనకబాటును, అంటే గత కొన్ని గంటల్లో కావలసిన ఉష్ణోగ్రత కన్నా సగటున ఎంత వెచ్చగా ఉందో, కొన్ని నిమిషాలకోసారి ప్రసారం చేస్తుంది. విన్న పక్కవాళ్ల వెనకబాటుతో తనది పోల్చుకుంటుంది. తనది ఎక్కువైతే తన ఓర్పు హద్దును కొద్దిగా పెంచుకుంటుంది, తక్కువైతే కొద్దిగా దించుకుంటుంది. ఈ సవరణకు పైనా కిందా గట్టి గోడలు కట్టాం. కొంతసేపు ఎవరి మాటా వినపడకపోతే సవరణ మెల్లగా సున్నాకు జారిపోతుంది.

ఈ అమరికలో పనుల విభజన గమనించండి. పైపు వేగంగా, ముతకగా పంచుతుంది. రేడియో నెమ్మదిగా న్యాయం చేస్తుంది. రేడియో మొత్తం మూగబోతే ఎనిమిదో ఛాంబర్‌కు కొంత అన్యాయం జరుగుతుంది, సరుకుకు ప్రమాదం రాదు. తప్పుడు లెక్కలు చెప్పే నోడ్ ఒకటి మధ్యలో చేరినా అది పక్కవాళ్లను కదిలించగలిగేది ఆ గోడల మేరకే. సందేశాలకు ఎన్‌క్రిప్షన్, సంతకం ఉన్నాయి. అయినా భద్రత విషయంలో నేను ఎక్కువ నమ్మేది ఆ గోడలనే.

యంత్రాలన్నీ ఒకే మాట మీదకు వచ్చేలా చేసే ఏకాభిప్రాయ పద్ధతులు, 2014లో వచ్చిన రాఫ్ట్ లాంటివి, వాడలేదేమిటని సహచరులు అడిగారు. అవి డేటాబేసుల కోసం పుట్టాయి. అక్కడ రెండు యంత్రాలు ఒక్క క్షణం వేరు మాట చెప్పినా డబ్బు లెక్క తప్పుతుంది. సగానికి పైగా సభ్యులు వినపడకపోతే రాఫ్ట్ కొత్త నిర్ణయం తీసుకోదు, ఆగిపోతుంది. మాకు ఆగిపోవడమే అసలు కీడు. మిర్చి రోజుల లెక్కన చల్లబడే సరుకు, కాబట్టి నోడ్ల మధ్య ఒప్పందం ఆలస్యంగా కుదిరినా ఫరవాలేదు. అదే వ్యవస్థ బరువులెత్తే క్రేన్ల మధ్య అయితే నా సమాధానం వేరుగా ఉండేది.

డీఫ్రాస్ట్ వంతులు

కాయిల్ మీద మంచు పేరుకుంటే గాలి ఆడదు. రోజులో కొన్నిసార్లు కరిగించాలి. కరిగించేటప్పుడు ఆ ఛాంబర్‌కు చల్లదనం ఆగుతుంది, తర్వాత ఒక్కసారిగా ఎక్కువ కావాలి. అందరికీ ఒకేసారి వస్తే ప్లాంటు కొంతసేపు ఖాళీగా ఉండి తర్వాత ఉక్కిరిబిక్కిరి అవుతుంది. వంతులు ఎడంగా ఉండాలి.

2007లో ప్రచురితమైన డీసింక్ అనే పద్ధతి దీనికి చక్కగా సరిపోయింది. మిణుగురులు ఒకేసారి వెలగడం నేర్చుకునే లెక్కను తిరగేసి, ఒక్కొక్కరు ఒక్కో సమయంలో వెలిగేలా చేస్తుంది. ప్రతి నోడ్‌కూ గుండ్రటి గడియారం ఉంటుంది. తన వంతు రాగానే నేనున్నానని ఒక చిన్న సందేశం పంపుతుంది. తనకు సరిగ్గా ముందు పలికింది ఎప్పుడో, తర్వాత పలికింది ఎప్పుడో విని, ఆ రెండింటి నడుమకు తన వంతును కొద్దిగా జరుపుకుంటుంది. కొన్ని చుట్లలో అందరూ సమాన దూరంలో సర్దుకుంటారు. మొత్తం ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియనక్కరలేదు. ఒకరు తగ్గితే మిగతావారు జరుగుతారు, ఒకరు చేరితే చోటిస్తారు. తొమ్మిదో ఛాంబర్ గురించి యజమాని అడిగినదానికి ఇదే జవాబు.

ఒక చిక్కుంది. అసలు డీఫ్రాస్ట్ చక్రం గంటల పొడవు. దాని మీదే ఈ సర్దుబాటు నడిపితే స్థిరపడడానికి రోజులు పడుతుంది. అందుకని ఒక నిమిషం పొడవున్న ఉత్తుత్తి చక్రం మీద వంతులు తేల్చుకుని, అక్కడ తేలిన స్థానాన్నే గంటల చక్రానికి వర్తింపజేశాం. నోడ్ల గడియారాలు పది లక్షల్లో 20 పాళ్లు తప్పినా రోజుకు రెండు సెకన్ల లోపే. డీఫ్రాస్ట్ లెక్కలో అది లెక్కలోకే రాదు.

టిక్కీల మధ్య రేడియో

నడవాలోని నోడ్లు ఒకదానికొకటి బాగానే వినపడతాయి. కష్టమంతా ఛాంబర్ లోపలి సెన్సర్లతోనే. నాలుగైదు అంతస్తుల అటకలు, వాటి మీద పైకప్పు దాకా టిక్కీలు. జనవరిలో ఖాళీ ఛాంబర్‌లో ఏ మూల సెన్సర్ అయినా గుమ్మం దగ్గరి నోడ్‌ను నేరుగా అందుకుంటుంది. ఏప్రిల్ నాటికి మధ్యలో మిర్చి గోడ లేస్తుంది. కాయల్లోని తేమ రేడియో తరంగాలను మింగుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ బదులు మన దేశంలో లైసెన్సు అక్కరలేని 865–868 మెగాహెర్ట్జ్ పట్టీకి వెళ్లడంతో కొంత మెరుగైంది. అయినా దారులు వారం వారం మారతాయి. హమాలీలు ఒక వరుస దింపితే ఒక దారి మూసుకుంటుంది, ఒక లారీకి సరుకు ఎత్తితే మరోటి తెరుచుకుంటుంది. ఈ దారులను ముందే గీసి పెట్టడం ఎవరి వల్లా కాదు.

అందుకే ప్రతి సెన్సర్ గుమ్మం నోడ్‌కు తనెంత దూరమో పక్కవాళ్లను అడిగి తెలుసుకుంటుంది. పక్కవాళ్లలో అందరికన్నా తక్కువ దూరం చెప్పినవారికి ఒకటి కలిపితే తన దూరం. సెన్సర్ నెట్‌వర్కుల్లో దారులు వెతకడానికి 2012లో ప్రమాణంగా వచ్చిన ఆర్‌పీఎల్ వెనకున్న సూత్రం స్థూలంగా ఇదే. గుమ్మం నోడ్ చచ్చిపోతే మాత్రం పాత దూరాలు ఒకరినొకరు నమ్ముకుంటూ ఒక్కొక్కటిగా పెరుగుతూ పోతాయి. ఒక హద్దు దాటిన దూరాన్ని దారి లేనట్టుగా పరిగణించి దాన్ని తెంచాం.

లోపలి వెచ్చని చోటు ఎంత వెచ్చగా ఉందో తెలుసుకోవడానికి గరిష్ఠం పద్ధతి వాడాం. ప్రతి సెన్సర్ తాను విన్న విలువల్లో పెద్దది పక్కవాళ్లకు చెబుతుంది. ఒకే విలువ రెండు దారుల్లో వచ్చినా నష్టం లేదు, పెద్దది పెద్దదే. సగటుకు ఈ సౌఖ్యం లేదు. ఒక సెన్సర్ మధ్యలో దారి మార్చుకుంటే దాని లెక్క రెండుసార్లు పడుతుంది. కానీ గరిష్ఠానికి ఒక మొండితనం ఉంది, అది తగ్గడం ఎరగదు. మధ్యాహ్నం సరుకు దిగుతున్నప్పుడు తలుపు పక్క సెన్సర్ దగ్గర గాలి 14 డిగ్రీలకు వెళ్లిందనుకోండి. తలుపు మూశాక ఆ సెన్సర్ 6కు దిగినా, 14 అన్న మాట పక్కవాళ్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఎవరూ దాన్ని మొదట చెప్పినవారిని అడగరు. విలువకు గడువు ముద్ర వేస్తే కొంత నయమే గానీ, గడువు పొడవైతే పాత పుకారు ఉంటుంది, పొట్టిదైతే దూరపు సెన్సర్ల మాట అందకముందే చచ్చిపోతుంది. చివరికి ఒకే లెక్కను కొంత ఎడంతో మొదలైన అనేక ప్రతులుగా నడిపాం. కొన్ని నిమిషాలకోసారి కొత్త ప్రతి శూన్యం నుంచి మొదలవుతుంది, అన్నింటికన్నా పాతది రద్దవుతుంది, మిగిలినవాటిలో పాతదాన్ని జవాబుగా తీసుకుంటాం. జవాబు ఎప్పుడూ కొంచెం వెనకటిదే, కానీ ఎప్పటికీ ఇరుక్కుపోయేది కాదు.

వీటన్నింటికీ ఒకే పరీక్ష పెట్టాం. ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1974లో చెప్పిన స్వయం స్థిరీకరణ అది: వ్యవస్థను ఏ చెడ్డ స్థితిలో వదిలినా కొంతకాలానికి దానంతట అదే మంచి స్థితికి చేరాలి. సిమ్యులేటర్‌లో ప్రతి నోడ్ మెమరీనీ అడ్డదిడ్డమైన అంకెలతో నింపి వదిలేవాళ్లం. దూరం మైనస్‌లో, ఉష్ణోగ్రత వందల్లో, వంతులన్నీ ఒకే చోట. అక్కడి నుంచి సర్దుకోని ఏ ముక్కనూ ఛాంబర్‌కు తీసుకెళ్లలేదు. మే నెలలో కరెంటు రెండు మూడుసార్లు పోయి వచ్చే సాయంత్రం నోడ్ మెమరీ అంతకన్నా గొప్పగా ఏమీ ఉండదు.

మనిషి కూడా ఒక నోడే

పెద్దాయన ముందే అడిగేశారు: "బాబూ, నేను చెయ్యి పెడితే మీ పెట్టె నాతో పోట్లాడుతుందా?" ప్యానెల్ మీద ఆటో–మాన్యువల్ స్విచ్ అలాగే ఉంచాం. స్విచ్ మాన్యువల్‌కు తిరిగితే నోడ్ వాల్వు జోలికి పోదు. నేను లెక్కలో లేను అని పక్కవాళ్లకు చెప్పి, డీఫ్రాస్ట్ వలయంలోంచి తప్పుకుంటుంది. ఆయన తెరిచిన వాల్వు ప్రభావం పైపు ద్వారా ఎలాగూ అందరికీ తెలుస్తుంది. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చినది ఇదే. మనిషి చేసిన పని వ్యవస్థకు విడిగా చెప్పనక్కరలేదు.

ఆయనకు తృప్తి కలగనిది వేరొకటి. పాత కంప్యూటర్ ఆదేశం ఇస్తే దాన్ని తిట్టుకోవచ్చు. ఇప్పుడు అయిదో ఛాంబర్ వాల్వు ఎందుకు మూసుకుందని అడిగితే జవాబు ఎక్కడా ఒక చోట లేదు. అందుకే ప్రతి నోడ్ మీద చిన్న తెర పెట్టి, చివరి నిర్ణయానికి కారణాన్ని తెలుగులో ఒక్క వాక్యంలో చూపించేలా రాశాం: "ఒత్తిడి 3.9, నా హద్దు 3.8, ఆగాను." "డీఫ్రాస్ట్ వంతు ఇంకో 40 నిమిషాల్లో." "పక్క ఛాంబర్లు వినపడడం లేదు, సొంతంగా నడుస్తున్నాను." ప్రోగ్రామ్‌లో ఈ వాక్యాల భాగం నియంత్రణ భాగం కన్నా పెద్దదైంది. ఆపరేటర్లు నమ్మింది మాత్రం ఈ వాక్యాలనే. మూడో రకం వాక్యం తెర మీద కనిపిస్తే యాంటెన్నా తీగ చూసుకోవాలని వాళ్లంతట వాళ్లే తెలుసుకున్నారు.

కావలసిన ఉష్ణోగ్రతను మార్చడానికి ఏ నోడ్ దగ్గరైనా మీట నొక్కవచ్చు. కొత్త విలువకు పాతదాని కన్నా పెద్ద వరుస సంఖ్య పడుతుంది, పెద్ద సంఖ్య ఉన్నదే చెల్లుతుంది. ఇద్దరు ఒకేసారి రెండు చోట్ల మారిస్తే నోడ్ సంఖ్యను బట్టి ఒకరిదే నిలుస్తుంది. ప్రోగ్రామ్ కొత్త రూపం మాత్రం వాటంతట అవి పంచుకోవు. ఒక్కో ఛాంబర్‌కు మనిషి వెళ్లి ఎక్కించాలి, అదీ సరుకు దిగే రోజుల్లో వద్దని రాసిచ్చాం.

సీజను మొత్తం నడిచాక

సరుకు దిగే నెలల్లో మాక్సిమం డిమాండ్ ఒప్పందం లోపలే ఉంది. కంట్రోల్ గది కంప్యూటర్‌ను సీజను నడుమ కావాలనే ఆపి చూపించాం. ఛాంబర్ల తీరులో తేడా రాలేదు, చరిత్ర గ్రాఫులో మాత్రం ఖాళీ ఏర్పడింది. చివరి ఛాంబర్ మిగతావాటి కన్నా ఇప్పటికీ కాస్త ఆలస్యంగానే చల్లబడుతుంది. పైపు వ్యాసం పెంచకుండా పూర్తిగా పోయే తేడా కాదది, ఆ సంగతి యజమానికి ముందే చెప్పాం. లోపలి సెన్సర్ల బ్యాటరీలు మేం ఆశించినంత కాలం రావు. నెట్‌వర్క్ స్థిరంగా ఉన్నప్పుడు సందేశాలు తగ్గించే ట్రికిల్ పద్ధతి ఉన్నా, టిక్కీలు కదిలినన్నాళ్లూ నెట్‌వర్క్‌కు స్థిరమనే మాటే లేదు.

తొమ్మిదో ఛాంబర్ ఇంకా పునాదుల్లోనే ఉంది. ఈలోగా యజమాని కొత్త ఆలోచనతో వచ్చారు. పక్కనే ఉన్న మరో రెండు కోల్డ్ స్టోరేజీల వాళ్లు ఆసక్తి చూపుతున్నారట, మూడింటినీ కలిపి ఒకే వ్యవస్థగా సర్దుకునేలా చేయవచ్చా అని అడిగారు. వద్దన్నాను. మూడింటి మధ్య ఉమ్మడి పైపు లేదు, ఉమ్మడి మీటరు లేదు. ఉన్నది ఒకే ఫీడరు, దాని వోల్టేజీ. ఆ వోల్టేజీ మీద వందల ఇళ్ల, మోటార్ల ప్రభావం ఉంటుంది, దాన్ని చూసి మన కంప్రెసర్ తగ్గించుకుంటే లాభం ఎవరికో పోతుంది. ఇక మిగిలేది సందేశాలే. ఒకరి వెనకబాటు చూసి మరొకరు తప్పుకోవాలంటే, తప్పుకున్నందుకు ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో ముందు తేలాలి. ఆ లెక్క ముగ్గురు యజమానులు కూర్చుని తేల్చుకుని కాగితం మీద పెట్టాక, అవసరమైతే ప్రోగ్రామ్ రాయడానికి మళ్లీ వస్తానని చెప్పాను.